ఇంట్లో లేత్ మీద 5 సిలిండర్ల బుల్లి రేడియల్ ఇంజిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటికొచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు, చుట్టాల పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు, అందరూ ఇవే అడుగుతున్నారు కాబట్టి ఒక్కసారి రాసి పడేస్తే నాకూ నోటి నొప్పి తగ్గుద్దని మొదలుపెట్టా. వరసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సింది చూసుకోండి.

అసలు ఇదేంటి? ఫ్యానా?

మా అమ్మ కూడా ఇదే అడిగింది. మధ్యలో గుండ్రటి కేస్, దాని చుట్టూ నక్షత్రంలా 5 సిలిండర్లు, ముందు చెక్క ప్రొపెల్లర్, దూరం నుంచి చూస్తే టేబుల్ ఫ్యానే. పాతకాలం విమానాలకి వాడిన రేడియల్ రకం ఇంజిన్ ఇది, ఫోర్ స్ట్రోక్, పెట్రోల్ మీద నడుస్తుంది. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 22 మి.మీ, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 20 మి.మీ, అంటే ఒక్కో సిలిండర్ 7.6 సీసీ, అయిదూ కలిపి 38 సీసీ. మొత్తం కలిపినా 110 సీసీ స్కూటీ ఇంజిన్‌లో మూడో వంతు కెపాసిటీ, పని మాత్రం పదింతలు.

దేనికి వాడతారు?

దేనికీ వాడరు. తర్వాతి ప్రశ్న.

5 సిలిండర్లే ఎందుకు? 4 గానీ 6 గానీ చేస్తే లెక్క తేలిక కదా?

తేలిక కాదు, అసలు కుదరదు. ఫోర్ స్ట్రోక్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకోసారి పేలాలి, రేడియల్‌లో అన్ని సిలిండర్లూ ఒకే క్రాంక్ పిన్ (పిస్టన్ల తోపుడుని తిరుగుడుగా మార్చే ఇరుసు, అంటే క్రాంక్, మీది పిన్) మీద వేలాడుతుంటాయి కాబట్టి ఒకటి వదిలి ఒకటి పేల్చుకుంటూ పోతేనే దెబ్బలు సమానమైన దూరంలో పడతాయి. 5 ఉంటే ఆర్డర్ 1-3-5-2-4, ప్రతి 144 డిగ్రీలకీ ఒక దెబ్బ, రెండు చుట్లు అయ్యేసరికి అయిదూ అయిపోయి మళ్లీ 1కి వస్తాం. అదే 6 పెట్టి చూడండి, 1-3-5 అయ్యాక తిరిగి 1 దగ్గరికే వచ్చేస్తాం, 2-4-6కి పోవాలంటే మధ్యలో ఒక కుంటి అడుగు వెయ్యాలి. అందుకే ఒక వరసలో దాదాపు ఎప్పుడూ బేసి సంఖ్యే.

మరి డకోటా విమానం ఇంజిన్‌కి 14 ఉంటాయి కదా అని ఒకాయన పట్టుకున్నాడు. నిజమే, కానీ అవి 7, 7గా రెండు వరసలు. 1945లో మన బేగంపేట నుంచి మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపింది ఆ డకోటాలనే. అంటే ఒకప్పుడు హైదరాబాద్ ఆకాశంలో మోగిన సౌండే ఇప్పుడు మా బాల్కనీలో, కాస్త దోమ సైజులో, మోగుతుందన్నమాట.

అన్నా, ఇదే ఫస్ట్ ప్రాజెక్టుగా మొదలుపెట్టొచ్చా?

వద్దు తమ్ముడూ. ముందు ఒక ఊగే సిలిండర్ స్టీమ్ ఇంజిన్ చెయ్యి, దానికి వాల్వులు ఉండవు, సిలిండరే అటూ ఇటూ ఊగి రంధ్రాలు తెరుస్తూ మూస్తుంటది, సైకిల్ పంపు గాలితో కూడా తిరుగుద్ది. తర్వాత వేడి గాలితో నడిచే స్టిర్లింగ్ ఒకటి, అది రాపిడి అంటే ఏంటో నేర్పుద్ది ఎందుకంటే కాస్త బిగుతున్నా అది కదలదు. తర్వాత ఒక సిలిండర్ ఫోర్ స్ట్రోక్. అప్పుడు ఇది. నేను ఒక సిలిండర్ ఇంజిన్ ఎగ్గొట్టి నేరుగా దీనికి దూకా, ఆ పాఠాలన్నీ ఇక్కడే 5 రెట్లు ఫీజు కట్టి నేర్చుకున్నా. ఒక తప్పు చేస్తే ఒక పార్టు కాదు, అయిదు పార్టులు స్క్రాప్‌లోకి పోతాయి.

ఏ మెషీన్లు కావాలి?

లేత్ ఒకటి (ముక్కని గుండ్రంగా తిప్పుతూ కోసేది), మిల్లింగ్ ఒకటి (ముక్కని పట్టి ఉంచి, తిరిగే టూల్‌తో కోసేది). లేత్ చిన్నదైనా పర్లేదు, 7 అంగుళాల స్వింగ్ (తిప్పగలిగే ముక్క గరిష్ఠ వ్యాసం) ఉన్న మినీ లేత్ సరిపోద్ది, కానీ చైనాది కొంటే వచ్చిన రోజే విప్పి, కడిగి, గిబ్బులు (జారే భాగాల సందు బిగించే పట్టీలు) సరిచేసుకుని మళ్లీ బిగించుకోవాలి, అది డబ్బాలో వచ్చిన మెషీన్ కాదు, డబ్బాలో వచ్చిన ముడిసరుకు అనుకోండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో చోటుంటే గుజరాత్ రాజ్‌కోట్‌దో పంజాబ్ బటాలాదో సెకండ్ హ్యాండ్ లేత్ చూడండి, బరువే దాని బలం. మా బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌లో టర్నర్‌గా చేసేవాడు, నా మినీ లేత్ చూసి "ఇది కుట్టుమిషనా రా" అన్నాడు, తర్వాత అదే మెషీన్ మీద రెండు గంటలు కూర్చుని లేవలేదు.

మిల్లింగ్‌తో పాటు రోటరీ టేబుల్ గానీ డివైడింగ్ హెడ్ గానీ (ముక్కని కావాల్సిన కోణానికి తిప్పి ఆపేవి) తప్పదు. కేస్ మీద 72 డిగ్రీలకొక ఫేస్ రావాలి కదా, డివైడింగ్ హెడ్ 40కి 1 నిష్పత్తి (హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే ముక్క ఒక చుట్టు) కాబట్టి సరిగ్గా 8 చుట్లు, రోటరీ టేబుల్ 90కి 1 అయితే 18 చుట్లు, చుట్టులో భాగాలు లెక్కపెట్టే ప్లేటు రంధ్రాలతో పనే లేదు. 5 సిలిండర్లు ఎంచుకోడానికి ఇదీ ఒక కారణమే, 7 అయితే రంధ్రాలు లెక్కపెట్టుకుంటూ చావాలి.

కొలతలకి 0.01 మి.మీ మైక్రోమీటర్, డయల్ గేజ్, ఫోర్ జా చక్ (లేత్‌లో ముక్కని పట్టుకునే నాలుగు దవడల బిగింపు). డిజిటల్ వెర్నియర్‌ని నమ్ముకుని బోర్ కొలిస్తే మాత్రం మీ ఇష్టం.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

హైదరాబాద్‌లో అయితే టూల్స్, ట్యాపులు (రంధ్రంలో మరలు కోసేవి), రీమర్లు (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చేవి) రాణిగంజ్‌లో, మెటీరియల్‌కి, ఏదన్నా గ్రైండింగ్ పనికి బాలానగర్ వైపు. షాపులో ఇంజిన్ కథ చెప్పకండి, టైమ్ వేస్ట్, "ఈఎన్ 24 రౌండు, 40 డయా, 150 పొడవు" అని అడగండి, కోసి ఇస్తారు. నేను వాడినవి: క్రాంక్‌కి ఈఎన్ 24 అనే గట్టి స్టీల్, కేస్‌కీ హెడ్లకీ పిస్టన్లకీ అల్యూమినియం, సిలిండర్ లైనర్లకీ (లోపలి తొడుగులు) రింగులకీ సీఐ అంటే పోత ఇనుము రాడ్, వాల్వ్ గైడ్లకి (వాల్వ్ కాడ జారే గొట్టాలు) కంచు రకమైన గన్‌మెటల్. స్క్రాప్ షాపులో కిలో లెక్కన అల్యూమినియం చవగ్గా వస్తుంది గానీ అది ఏ గ్రేడో తెలీదు, బబుల్‌గమ్‌లా టూల్‌కి అంటుకుపోయే ముక్క ఒకటి వచ్చి నా ఆదివారం మింగేసింది. కేస్‌కి మాత్రం కొత్తదే కొనండి.

ఇంజిన్ డ్రాయింగులు అంగుళాల్లో ఉన్నాయి, మిల్లీమీటర్లకి మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కానీ కాలిక్యులేటర్‌లో 25.4తో గుణించి వచ్చిన అంకె రాసుకోడం మార్చడం కాదు. 12.7 అని వస్తే మీకు దొరికే రీమర్ 12 గానీ 13 గానీ, ఒకటి మారిస్తే దాంతో జతపడేది కూడా మార్చాలి, అలా గొలుసులా మొత్తం మళ్లీ గియ్యాలి. నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు లేత్ మీద దుమ్ము పడింది, మా ఆవిడ చాలా ప్రశాంతంగా ఉంది. స్క్రూలన్నీ ఎం3, ఎం2.5కి (3, 2.5 మి.మీ మరలకి) తెచ్చేశా, ఎం3కి 2.5 డ్రిల్లు, ఎం2.5కి 2.05, ఇవి గోడ మీద రాసి పెట్టుకోండి.

అన్నిటికంటే కష్టమైన పార్ట్ ఏది? క్రాంక్ షాఫ్టేనా?

అందరూ క్రాంకే అనుకుంటారు. క్రాంక్ చూడ్డానికి భయంగా ఉంటది, 10 మి.మీ పక్కకి జరిపి పిన్ తిప్పాలి, టూల్ ఒక చుట్టులో సగం గాల్లో సగం ఇనుములో టకటకమని కొట్టుకుంటుంటది, అయినా నిదానంగా తీసుకుంటే అయిపోద్ది, రెండు వారాంతాల పని. అసలు యముడు వాల్వ్.

ఎందుకో చెప్తా, ఇది అర్థమైతే సగం ఇంజిన్ అర్థమైనట్టే. ఇంజిన్ సైజు సగానికి తగ్గించారనుకోండి, సిలిండర్‌లో పట్టే గాలి సగం కాదు, ఎనిమిదో వంతు అవుద్ది. కానీ గాలి కారిపోయే అంచు, అంటే పిస్టన్ చుట్టుకొలత, వాల్వ్ సీటు (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే అంచు) చుట్టుకొలత, సగమే తగ్గుద్ది. మీ చెయ్యి మాత్రం అదే చెయ్యి, మీ వల్ల వచ్చే సందు పెద్ద ఇంజిన్‌లో ఎంతో చిన్నదాన్లోనూ అంతే. అంటే ఉన్న కాస్త గాలితో పోలిస్తే లీకు 4 రెట్లు. 50 మి.మీ పిస్టన్ ఉన్న 100 సీసీ బైక్‌లో పట్టించుకోని లీకు ఇక్కడ కంప్రెషన్ మొత్తాన్ని మింగేస్తుంది. నేను 6కి 1 కంప్రెషన్ (ఆరు వంతుల గాలిని ఒక వంతులోకి నొక్కడం) పెట్టుకున్నా, పిస్టన్ పైకొచ్చాక మిగిలే జాగా 1.5 సీసీ, ఇన్సులిన్ సిరంజితో ఆయిల్ పోసి కొలిచా, అంటే రెండు సిరంజిలు కూడా పట్టదు. అంత బుల్లి గదికి తలుపు కాస్త ఓరగా ఉన్నా అంతే సంగతులు.

వాల్వ్ విషయంలో చెయ్యాల్సింది ఒకటే: గైడ్ రంధ్రం, సీటు ఒకే సెటప్‌లో, హెడ్ చక్‌లోంచి తియ్యకుండా, కోసెయ్యాలి. నేను మొదట గైడ్లు వేరేగా చేసి ప్రెస్ ఫిట్ కొట్టి తర్వాత సీటు కోశా, కొట్టినప్పుడు గైడ్ జుట్టంత వంగింది, సీటు ఒక పక్క మెరుస్తూ ఒక పక్క నల్లగా వచ్చింది. దాన్ని పేస్టుతో అరగదీస్తే సరిపోద్దనుకుని అరగదీసీ అరగదీసీ సీటు ఇంత వెడల్పు చేసుకున్నా. వెడల్పు సీటు కూర్చోదు. 45 డిగ్రీలు, వెడల్పు 0.3 నుంచి 0.4 మి.మీ, సన్నగా గీతలా ఉండాలి. బైక్ మెకానిక్కులు వాడే గ్రైండింగ్ పేస్ట్ దీనికి ఇసుక లాంటిది, నేను చివరికి ఇత్తడి సామాన్లు తోమే పాలిష్‌తో, చేత్తో, పది పదిహేను తిప్పులే తిప్పా.

టెస్టు మాత్రం మెకానిక్కులదే: వాల్వ్ మూసి, పోర్టులో కిరోసిన్ పోసి, అన్నం తిని రండి. సీటు చుట్టూ తడి కనిపిస్తే మళ్లీ మొదలు. 10 వాల్వులకి నేను చేసినవి 23.

పిస్టన్ రింగులు కొనేశారా?

22 మి.మీకి కావాల్సిన సైజు దొరకలేదు, చేసుకున్నా. పోత ఇనుము రాడ్‌ని గొట్టంలా తిప్పి, 1 మి.మీ మందాన ముక్కలు కోసి, ఒక్కోదాన్ని ఒకచోట పుటుక్కున విరిచి, నోరు తెరిచి ఉంచేలా పిన్ పెట్టి బిగించి వేడి చేస్తే ఆ తెరుచుకున్న షేపే నిలిచిపోద్ది, అదే స్ప్రింగ్ టెన్షన్. సిలిండర్‌లో పెట్టాక నోటి సందు 0.1 మి.మీకి లోపు ఉండాలి, అలాగని సున్నా ఉండకూడదు, వేడికి రెండు కొసలూ గుద్దుకుంటాయి.

పిస్టన్‌ని మాత్రం బిగుతుగా చెయ్యకండి. అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 150 డిగ్రీలు వేడెక్కితే 22 మి.మీ పిస్టన్ 0.076 పెరుగుద్ది, లైనర్ 0.036 పెరుగుద్ది, అంటే 0.04 సందు మాయం, పైగా పిస్టన్ లైనర్ కంటే వేడిగా ఉంటది. నేను చల్లగా ఉన్నప్పుడు 0.06 వదిలా. చేత్తో పట్టుకుంటే లూజుగా ఉందేంటి అనిపిస్తుంది, అనిపించనివ్వండి, గాలి ఆపే పని రింగుది.

క్యామ్ ఎలా పనిచేస్తుంది? 10 వాల్వులకి 10 క్యాములా?

ఇదే రేడియల్‌లో నాకు బాగా నచ్చిన విషయం. క్యామ్ అంటే తన ఉబ్బుతో వాల్వ్‌ని నెట్టి తెరిచే చక్రం. ఇన్‌లెట్లకి ఒక చక్రం, ఎగ్జాస్టులకి ఒక చక్రం, ఒక్కో చక్రం మీద రెండే రెండు ఉబ్బులు. ఆ చక్రం క్రాంక్‌కి ఎదురు దిక్కున, పావు స్పీడుతో తిరుగుద్ది. క్రాంక్ 144 డిగ్రీలు పోయేలోపు చక్రం వెనక్కి 36 జరుగుద్ది, రెండో ఉబ్బు 180 దగ్గర ఉంది కాబట్టి 180లోంచి 36 తీస్తే 144, సరిగ్గా 3వ సిలిండర్ కింద ఉంటది. అలా 1-3-5-2-4 దానంతట అదే వచ్చేస్తుంది. మూడు ఉబ్బులతో అదే దిక్కున ఆరో వంతు స్పీడుతో కూడా చెయ్యొచ్చు.

నేను గేర్లు కోసే ముందు ఒక పెళ్లి కార్డు అట్ట మీద చక్రం కత్తిరించి, గుండుసూది గుచ్చి తిప్పి చూశా. చూస్తే ఆర్డర్ 1-4-2-5-3 వస్తోంది. అరగంట తల గోక్కుంటే అర్థమైంది, నా గేర్ల వరసలో ఒక గేర్ తక్కువై చక్రం ఎదురు కాకుండా అదే దిక్కున తిరుగుతోంది. ఆ పెళ్లి కార్డు లేకపోతే నెల రోజుల పని బూడిదే. ఆ పెళ్లికి వెళ్లలేదు, అది వేరే కథ.

ట్యాప్ విరిగిపోయింది, ఏం చెయ్యాలి?

ముందు కాసేపు బయట తిరిగి రండి. తర్వాత కిరాణా షాపుకెళ్లి పటిక తెచ్చుకోండి. అల్యూమినియంలో స్టీల్ ట్యాప్ విరిగితే పటిక నీళ్లు చిక్కగా కలిపి, స్టవ్ మీద పొగలొచ్చేలా వేడిగా ఉంచి, పార్టు అందులో వేస్తే స్టీల్ మెల్లగా కరిగి నల్ల మడ్డిలా వచ్చేస్తుంది, అల్యూమినియం అలాగే ఉంటది. గంటలు పట్టొచ్చు, రోజు పట్టొచ్చు, నీళ్లు ఆరుతుంటే పోస్తుండాలి. గిన్నె స్టీల్‌ది వద్దు, గాజుదో మట్టిదో వాడండి, అది మళ్లీ వంటకి వాడకండి. ఇనుప పార్టులో విరిగితే ఈ చిట్కా పనికిరాదు, పార్టే ముందు కరిగిపోద్ది.

స్పార్క్ ప్లగ్గా, గ్లో ప్లగ్గా?

గ్లో (ఎర్రగా కాలే తీగతో ఇంధనాన్ని అంటించే ప్లగ్) అయితే వైరింగ్ గొడవ లేదు, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని వంతులవారీగా సిలిండర్లకి పంచేది) అక్కర్లేదు, కానీ దానికి మెథనాల్ కావాలి, అందులో ఆముదం కలుపుతారు, అవును, మన ఆముదమే. మెథనాల్ షాపులో అడగ్గానే ఇచ్చే సరుకు కాదు, పైగా అది విషం, పొరపాటున కడుపులోకి పోతే కళ్లు పోతాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఇంట్లో పిల్లలున్నారు, వద్దనుకున్నా. పెట్రోల్, 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లలో వాడేది), సీడీఐ బోర్డు (స్పార్క్ పుట్టించే సర్క్యూట్), హాల్ సెన్సార్ (అయస్కాంతాన్ని పసిగట్టి ఎప్పుడు పేల్చాలో చెప్పేది), ఇంతే. పెట్రోల్‌లో ఆముదం మాత్రం కలపకండి, సరిగ్గా కలవదు.

ప్లగ్గులు 1/4-32 థ్రెడ్ (పావు అంగుళం, అంగుళానికి 32 మరలు) చిన్నవి, గ్లో ప్లగ్ థ్రెడ్ కూడా అదే కాబట్టి మనసు మార్చుకున్నా హెడ్ మార్చక్కర్లేదు. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం స్పీడుతో తిరుగుద్ది, దాన్లో కాంటాక్టులు 72 డిగ్రీలకొకటి. బుల్లిగా చేశాను కదా అని మురిసిపోయా, కానీ కరెంటుకి స్కేలు తెలీదు, పక్క కాంటాక్టు దగ్గరగా కనిపిస్తే దానికే దూకుద్ది. రాత్రి లైటు ఆర్పి చూస్తే లోపల దీపావళి. రెండోది పెద్దగా చేశా.

మొదటిసారే స్టార్ట్ అయిందా?

మూడు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం డ్రిల్ మెషీన్ పెట్టి తిప్పా, స్పార్క్ ఉంది, పెట్రోల్ వాసన ఉంది, ఒక్క తుమ్ము కూడా లేదు. కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి 5 పైపులు, ఒక్కోదానికి రెండు జాయింట్లు, మొత్తం 10, అందులో 4 చోట్ల గాలి పీలుస్తోంది. వాల్వులకి అంత తపస్సు చేసి పైపుల దగ్గర కాగితం గాస్కెట్ అలా పెట్టేసి ఊరుకున్నా, అక్కడ కొట్టింది.

రెండో ఆదివారం జాయింట్లన్నీ విప్పి మళ్లీ చేసి తిప్పితే కార్బొరేటర్‌లోంచి ఫట్‌మని మంట వెనక్కి కక్కింది. పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది కదా, నేను తప్పు చుట్టులో టైమింగ్ పెట్టా. డిస్ట్రిబ్యూటర్ రోటర్‌ని సగం చుట్టు తిప్పి బిగించేసరికి కరెంటు పోయింది, డ్రిల్ వైరుది, ఇక ఆ రోజు అంతే.

మూడో ఆదివారం మూడు సిలిండర్ల మీద కుంటుకుంటూ 11 సెకన్లు నడిచింది. ఎవరూ లేరు చూడ్డానికి, ఇంట్లోవాళ్లు గుడికెళ్లారు. తర్వాత మళ్లీ పట్టించి, ఏది పనిచెయ్యట్లేదో తెలుసుకోడానికి ఒక్కో హెడ్ మీద నీటి చుక్క వేశా, సుయ్యిమంటే మంచిది, 2 దగ్గర నెమ్మదిగా, 4 దగ్గర అసలు లేదు. 2 ప్లగ్ వైరు లూజు. 4 ప్లగ్ ఆయిల్‌లో స్నానం చేసి ఉంది, తుడిచి పెట్టినా మళ్లీ అంతే, చివరికి హెడ్ విప్పితే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు మీద కంటికి కనపడనంత గీత. 23వ వాల్వ్ అప్పుడు చేసిందే. ఇప్పుడు అయిదూ కొడుతున్నాయి.

రేడియల్‌కి స్టార్ట్ చేసే ముందు చేత్తో ఎందుకు తిప్పుతారు?

ఆయిల్ కిందికి జారి కింది సిలిండర్లలో, నా ఇంజిన్‌లో 3, 4లో, చేరుద్ది. ద్రవం నొక్కుకోదు కదా, అలాగే స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుద్ది. పెద్ద విమానాలకీ ఇదే జబ్బు. కింది రెండు ప్లగ్గులు తీసి, మెల్లగా రెండు చుట్లు తిప్పి, ఆ తర్వాతే డ్రిల్.

అపార్ట్‌మెంట్‌లో చెయ్యొచ్చా? కింద ఫ్లోర్ వాళ్లు ఊరుకుంటారా?

లేత్ కింద దళసరి రబ్బరు మ్యాట్ వేస్తే సౌండ్ మిక్సీ కంటే తక్కువే. రాత్రి 9 దాటితే ముట్టుకోను. అసలు గొడవ సౌండ్‌తో కాదు, రజనుతో, చెప్పులకి అంటుకుని హాల్లోకి, అక్కణ్ణించి పడగ్గదిలోకి పోద్ది. గుమ్మం దగ్గర వేరే చెప్పులు పెట్టుకోండి, ఇది కాపురానికి సంబంధించిన సలహా. దసరాకి లేత్‌కి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టేది మాత్రం మా ఆవిడే.

జాగ్రత్తలు?

లేత్ దగ్గర గ్లవ్స్ వద్దు, లుంగీ వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు. చక్ కీ చక్‌లో వదిలి చెయ్యి తియ్యొద్దు, ఒక్కసారి కూడా. కళ్లజోడు తప్పనిసరి. ఇంజిన్ నడిపేది గాలాడే చోటే, మూసిన గదిలో ఎగ్జాస్ట్ పీలిస్తే తెలీకుండానే స్పృహ పోద్ది. ప్రొపెల్లర్ తిరుగుతున్నప్పుడు పక్కనా ముందూ నిలబడకండి, వెనక ఉండండి, పిల్లల్ని అసలు రానివ్వకండి.

మొత్తం ఎంత టైమ్, ఎంత ఖర్చు?

రెండున్నరేళ్ల ఆదివారాలు. ఇంజిన్‌లో ఉన్న లోహం ఖరీదు తక్కువే, లేత్‌కి ఎంత పెట్టానో టూల్స్‌కి దాదాపు అంత అయింది, అది ఒకేసారి కాకుండా నెలకింత పోతుంటది కాబట్టి ఇంట్లో లెక్క తెలీదు. ఇది చదివితే తెలుస్తుంది.

మాకొకటి చేసిస్తారా? డబ్బులిస్తాం.

ఇవ్వను. కావాలంటే వచ్చి కూర్చోండి, ఆదివారం పొద్దున, టీ ఇస్తా. 3, 4 కింద ఇంకా ఆయిల్ కారుతోంది, ట్రే పెట్టా, కేస్ విప్పాలి, అప్పుడు పట్టుకోడానికి ఒక చెయ్యి తక్కువ పడుతోంది.